అల్బెర్గే: గలీసియా కాలిబాటలో ఒక మాట, ఐదు రాత్రులు

స్పెయిన్ వాయవ్య మూలనున్న గలీసియాలో, సారియా ఊరి నుంచి సాంతియాగో దె కొంపోస్తేలా నగరం వరకు, కామినో అనే క్రైస్తవ కాలినడక యాత్ర దారిలో, దాదాపు 115 కిలోమీటర్లను మే నెలలో ఐదు రోజుల్లో నడిచాము. కనీసం 100 కిలోమీటర్లు నడిచినవారికే అక్కడ యాత్ర పూర్తయినట్టు పత్రం ఇస్తారు కాబట్టి, మాలాగా సెలవులు చాలనివారు సారియాలోనే మొదలుపెడతారు. ఈ దారిలో ఏ ఊరు చేరినా ముందుగా కంటబడే బోర్డు మీది మాట అల్బెర్గే, అంటే యాత్రికులు కలిసి పడుకునే బస. స్పానిష్‌లోనూ గలీసియన్‌లోనూ దాని రాత ఒక్కటే. బసల మంచిచెడ్డలకన్నా ముందు ఈ మాట సంగతి చెబుతాను, ఎందుకంటే దాని అర్థం తెలియకనే మొదటి రాత్రి నేను అనవసరంగా చిరాకుపడ్డాను.

ఇది లాటిన్ నుంచి కాక, గోథులు అనే పాత జర్మానిక్ జాతి భాష నుంచి వచ్చిన మాట. ఆ భాషలో హర్యిస్ అంటే సైన్యం, బైర్గన్ అంటే కాపాడటం. రెండూ కలిసి సైన్యం తలదాచుకునే విడిది అయింది. పక్కపక్కనే ఉన్న రెండు రకారాల్లో మొదటిది కాలక్రమంలో లకారంగా మారింది. జర్మన్‌లో హెర్బెర్గె, ఫ్రెంచిలో ఓబెర్జ్, ఓడలు ఆగే ఇంగ్లీషు హార్బర్ కూడా ఈ కుదురువే. ఇటలీలో అల్బెర్గో అంటే ఏకంగా హోటలు. మన సత్రం కథా ఇలాంటిదే: సంస్కృతంలో మొదట అనేక రోజులు సాగే సోమయాగం, తరువాత అన్నదానం, ఆ పైన బాటసారులకు అన్నం పెట్టి పడుకోనిచ్చే ఇల్లు.

స్పానిష్‌లో ఇల్లులేనివారి ఆశ్రయమూ, వీధికుక్కలను ఉంచే చోటూ అల్బెర్గేలే. మనసులో ఆశను, అనుమానాన్ని పెట్టుకోవడానికి కూడా అల్బెర్గార్ అనే క్రియనే వాడతారు. అంటే ఆ బోర్డు మాట ఇస్తున్నది ఒక కప్పు మాత్రమే, సౌకర్యం కాదు.

ప్రభుత్వ అల్బెర్గేలో మంచానికి 10 యూరోలు తీసుకున్నారు. ముందుగా బుకింగ్ ఉండదు, యాత్రికుల పాసుబుక్కు చూపాలి, మామూలుగా ఒక్క రాత్రే ఉండనిస్తారు. మధ్యాహ్నం ఒంటిగంటకు తలుపు తీసేలోపు, రేషను షాపు ముందు సంచులు పెట్టినట్టు, మనుషులకు బదులు వీపు సంచులు వరుసలో నిలబడి ఉంటాయి. చేతికిచ్చిన దుప్పటి కాగితంలాంటి పలుచని గుడ్డ. పక్కకు తిరిగితే పరపరలాడింది. తెల్లవారుజామున ఐదున్నరకే ఎవరో ఒకరు చీకట్లో ప్లాస్టిక్ సంచి విప్పడం మొదలుపెడతారు. అయినా వేడినీళ్లకు కొరత లేదు, గచ్చు మీద తడి లేదు.

ప్రైవేటు అల్బెర్గేలకు 15 నుంచి 20 యూరోలయింది. తెర, దీపం, ఫోను చార్జింగు మంచానికొకటి ఉన్నాయి. అయితే ఒకచోట మేము సాయంత్రం ఐదు దాటాక చేరామని, కనీసం ఒక సందేశం పంపకుండానే మా మంచాలు వేరేవారికిచ్చేశారు. బుక్ చేసినవారు చేరే వేళ ఫోనులో చెప్పడం తప్పనిసరి.

ఊళ్లలో పోర్తోమరీన్ నాకు బాగా నచ్చింది. 1960లలో బెలెసార్ ఆనకట్ట నీళ్లలో పాత ఊరు మునిగిపోనుండగా చర్చిని రాయి రాయి విడదీసి గుట్ట మీద మళ్లీ కట్టారు. కూడలి సంగమేశ్వరాలయాన్ని శ్రీశైలం ముంపు నుంచి అలంపురానికి తరలించినట్టే. ఆ రాళ్ల మీద వేసిన అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. పాలస్ దె రెయ్‌లో రాత్రి గడపడం తప్ప చెప్పుకోదగ్గదేమీ లేదు.

అర్సూవా దగ్గర ఒక బారులో దారి అడిగితే పెద్దాయన 'అల్బెర్హే' అన్నాడు. నేను తప్పు విన్నాననుకున్నాను. గలీసియా పడమటి ప్రాంతాల్లో గకారాన్ని గొంతులోంచి హకారంగా పలకడం వాడుక అని, దానికి 'హేయాద' అనే పేరు కూడా ఉందని తరువాత తెలిసింది.

సాంతియాగోలో పెద్ద చర్చి ముందరి చౌకు పక్కనున్న హోస్తాల్ దోస్ రెయిస్ కాతోలికోస్‌ను 1499లో స్పెయిన్ రాజదంపతులు ఫెర్నాందో, ఇసాబెల్ యాత్రికుల ఆసుపత్రిగా కట్టించమని ఆజ్ఞాపించారు. 1954 నుంచి అది ఖరీదైన హోటలు. పేరులో హోస్తాల్, అంటే చిన్న లాడ్జి, ఉంది కదా అని ధర అడిగి, మర్యాదగా బయటికొచ్చి, వెనక వీధిలో 50 యూరోల పెన్సియోన్‌లో, అంటే చిన్న బసలో, దిగాము. అక్కడి దుప్పటి పరపరలాడలేదు.