గొరిల్లాల అడవి అంచున బస: ఊరివాళ్ల క్యాంపా, కంపెనీ లాడ్జా?

ఉగాండాలోని బ్విండి అడవిలో కొండ గొరిల్లాలను చూడాలంటే విదేశీయులకు పర్మిట్ 800 డాలర్లు. కంపాలాలో ఉద్యోగం చేస్తూ రెసిడెంట్ కార్డు ఉన్న మనవాళ్లకైతే 700. గుడారంలో పడుకున్నా, వేడినీళ్ల టబ్బు ఉన్న లాడ్జిలో దిగినా ఆ ధర మారదు. పొద్దున్నే జరిగే బ్రీఫింగ్ ఒకటే, పార్కు గైడ్లు ఒకటే. ఒక గుంపు దగ్గరికి రోజుకు ఎనిమిది మందినే పంపుతారు, గంటసేపే ఉండనిస్తారు. కాబట్టి మన చేతిలో ఉండేది పడక ఎక్కడన్నదే. ఆ పడక డబ్బు ఎవరికి చేరుతుందన్నది దాంతోపాటే తేలిపోతుంది.

పోలిక మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ అడవిలోకి నాలుగు చోట్ల నుంచి ట్రెక్ బయలుదేరుతుంది: బుహోమా, రుహిజా, రుషాగా, ఎన్‌కురింగో. పర్మిట్ ఎక్కడికి దొరికితే బస కూడా అక్కడే చూసుకోవాలి. మ్యాపులో బుహోమా, ఎన్‌కురింగో పక్కపక్కనే కనిపిస్తాయి గానీ మధ్యలో ఉన్నది అడవి. కారు కొండలన్నీ చుట్టుకుని రావాలి, గంటలు పడుతుంది. ఫొటోలు బాగున్నాయని గది ముందు బుక్ చేసి, పర్మిట్ తర్వాత వెతుక్కుంటే అనవసరమైన టెన్షన్.

నా ఓటు బుహోమా కమ్యూనిటీ రెస్ట్ క్యాంపుకి. బ్విండిని 1991లో నేషనల్ పార్కు చేశారు. 1993లో గొరిల్లా టూరిజం మొదలైంది ఈ బుహోమాలోనే. ఆ తొలి రోజుల నుంచీ ఉన్న క్యాంపు ఇది. సొంతదారు ఊరి సంఘమే, నడిపేదీ ఊరివాళ్లే. మిగిలిన డబ్బు బడి, మంచినీళ్లు లాంటి ఊరి పనులకు పోతుంది. గుడారాలున్నాయి, చిన్న కాటేజీలున్నాయి, నలుగురు కలిసి పడుకునే చవక గదులూ ఉన్నాయి. పార్కు గేటు పక్కనే కాబట్టి బ్రీఫింగుకు నడిచే వెళ్లొచ్చు. ఎదురుగా అడవి గోడలా లేచి ఉంటుంది. ఈ చోటు కోసం పక్క లాడ్జీలు ఎన్నో రెట్లు తీసుకుంటాయి.

తిండి గురించి శాకాహారులు భయపడక్కర్లేదు. మటోకే అంటే పచ్చి అరటికాయలను ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపిన ముద్ద. పక్కన చిక్కుడుగింజల కూర, వేరుశనగ పులుసు, చపాతీ. మనవాళ్ల వెంట ఆ దేశం చేరిన చపాతీ అక్కడ ఇంటి తిండి అయిపోయింది. పల్లీలు ఉంటాయి, కారమే ఉండదు. ఆవకాయ సీసా మీ బాధ్యత.

లోటు లేదని కాదు. వేడినీళ్లు, కరెంటు హోటల్లోలాగా క్షణంలో వస్తాయని ఆశపడొద్దు, భోజనం దగ్గర కాస్త ఓపిక పట్టాలి. రాత్రి చలి మామూలుగా ఉండదు. భూమధ్యరేఖ పక్కనే కదా అని స్వెటర్ మానేసేవాళ్లు మంచం మీద ముడుచుకుని పడుకోవాల్సిందే.

రెండో దారి మధ్యేమార్గం: ఆస్తి ఊరిది, నడిపేది కంపెనీ. ఎన్‌కురింగో కొండ మీది క్లౌడ్స్ లాడ్జి అలాంటిదే. అక్కడి ఊరి సంఘానికి ఆఫ్రికన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ లాంటి సంస్థలు తోడ్పడ్డాయి. ఒక సఫారీ కంపెనీ ఒప్పందం మీద దాన్ని నడుపుతూ ఊరికి వాటా ఇస్తుంది. మబ్బు విడిచిన రోజున విరుంగా అగ్నిపర్వతాలు వరుసగా కనిపిస్తాయి, సేవలకు వంక పెట్టలేం. ధర మాత్రం మనిషికి రాత్రికి వందల డాలర్లు. ఎన్‌కురింగో గొరిల్లాల పర్మిట్లు ఈ ఒప్పందానికే ముడిపడటంతో మొదట్లో అక్కడ గొడవ కూడా అయింది. ఇంకో సంగతి, ఈ వైపు ట్రెక్ అంటే ముందు నిట్టనిలువుగా దిగాలి, వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. మోకాళ్లు సహకరించనివాళ్లు ఆలోచించుకోవాలి.

పూర్తిగా ప్రైవేటు లాడ్జీల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. సుఖం ఉంటుంది, ఊళ్లో కొందరికి ఉద్యోగాలు దొరుకుతాయి, లాభం బయటికి పోతుంది.

అయినా ఊరి క్యాంపే ఎందుకంటే, పర్మిట్ లెక్క చూడండి. 800 డాలర్లలో చుట్టుపక్కల ఊళ్ల కోసం విడిగా తీసిపెట్టేది 10 డాలర్లు. పార్కు ప్రవేశ రుసుములో 20 శాతం కూడా స్థానికులకు కేటాయించారు గానీ, గొరిల్లా పర్మిట్ పక్కన ఆ రుసుమే చిన్నది. ఏనుగులు తోటలు తొక్కినా, గొరిల్లాలు అరటిబోదెలు చీల్చినా నష్టపోయేది ఈ ఊళ్లే.

అలాగని "కమ్యూనిటీ" అన్న బోర్డు చూసి అందరికీ అందుతోందనుకుంటే పొరపాటు. ఈ అడవిలో తరతరాలుగా బతికిన బట్వాలను పార్కు పేరుతో బయటికి పంపేశారు. వాళ్లలో చాలామందికి సెంటు భూమి కూడా దక్కలేదు. ఊరి సంఘంలో బలం వ్యవసాయం చేసే తెగలదే. ఊరి నడకకు వెళ్తే అరటి బీరు తయారీ, నాటువైద్యుడి ఇల్లు, చివర్లో బట్వాల పాట, ఆట చూపిస్తారు. ఆ ఆటకిచ్చే డబ్బులో వాళ్ల చేతికి ఎంత వస్తుందని గైడును అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు.

అమ్మానాన్నలతో వెళ్తూ, వేడినీళ్లు, మెత్తటి మంచం లేకపోతే వాళ్లకు నిద్రపట్టదనుకుంటే, డబ్బుకు ఇబ్బంది లేకపోతే క్లౌడ్స్. స్నేహితులతోనో, పదిహేనేళ్లు దాటిన పిల్లలతోనో అయితే బుహోమా (అంతకన్నా చిన్నవాళ్లను ట్రెక్‌కు రానివ్వరు). ఎక్కడైనా రెండు రాత్రులు ఉండండి. గొరిల్లాలు రెండు గంటల్లో కనబడొచ్చు, సాయంత్రం దాకా తిప్పొచ్చు. అలసిపోయి అదే రోజు ఎయిర్‌పోర్టు ఉన్న ఎంటెబ్బే దాకా ఎనిమిది, పది గంటలు కారులో కుదుపులు తినడం శిక్ష.

హైదరాబాద్ నుంచి బయలుదేరేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేయించుకోవచ్చు, ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు. ఆ కార్డు లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడి ఎయిర్‌పోర్టులోనూ ఆపుతారు. ట్రెక్ రోజున మాత్రం, బ్యాగు తేలికగా ఉన్నా సరే, గేటు దగ్గర పోర్టర్‌ను పెట్టుకోండి. వాళ్లు ఆ ఊరివాళ్లే, కూలి నేరుగా వాళ్ల చేతికే వస్తుంది. బురదలో జారినప్పుడు చెయ్యి పట్టి పైకి లాగేదీ వాళ్లే.