ఎనిమిది గజాల కిల్టా, ఐదు గజాలదా?

జనవరి 25 దగ్గర పడుతోందంటే చాలు, కవి రాబర్ట్ బర్న్స్ పుట్టినరోజు విందైన బర్న్స్ నైట్‌కు ఎలాంటి కిల్టు (స్కాట్లాండ్ మగవాళ్ళు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళ వస్త్రం) కట్టుకోవాలంటూ ఎడింబరా, గ్లాస్గోల్లో ఉన్న మనవాళ్ళు అడగడం మొదలుపెడతారు. స్కాటిష్ కొలీగ్ పెళ్ళి పిలుపు వచ్చినా ఇదే ప్రశ్న. కొనాలా, అద్దెకు తెచ్చుకోవాలా? కొంటే ఎన్ని గజాలది?

"మన ఇంటిపేరుకు ఏ టార్టాన్ అండీ?" అని కూడా అడుగుతుంటారు. టార్టాన్ అంటే ఒక్కో క్లాన్‌కు, అంటే వంశానికి, గుర్తుగా ఉండే గళ్ళ నమూనా. క్లాన్ లేనివాళ్ళు బ్లాక్ వాచ్ కట్టుకున్నా, ఫ్లవర్ ఆఫ్ స్కాట్లాండ్ కట్టుకున్నా ఎవరూ ఏమీ అనుకోరు. రాజకుటుంబానికి ప్రత్యేకించిన బాల్మోరల్ జోలికి పోకుంటే చాలు.

నన్నడిగితే ముందు చూడాల్సింది గళ్ళను కాదు, గుడ్డ బరువును. కిల్టు ఉన్నిని గజానికి ఇన్ని ఔన్సులని చెప్పి అమ్ముతారు. 10, 11 అంటే పల్చన, 13 మధ్యరకం, 16 మందం. కిల్టు అందమంతా వెనక కుచ్చిళ్ళలోనే ఉంది. 16 ఔన్సుల గుడ్డలో మడత గట్టిగా నిలుస్తుంది, నడుస్తుంటే ఊగుతుంది, ఆగగానే ఎవరూ సర్దకుండానే తన చోటికి వచ్చి పడుతుంది. పల్చటి గుడ్డ ఒకసారి కూర్చుని లేచేసరికే నలిగిపోతుంది. ఎడింబరాలో గాలి వీచినప్పుడు దాని పరిస్థితి చెప్పక్కర్లేదు.

గజాల లెక్క ఆ తర్వాత. ఎనిమిది గజాలంటే చీర కన్నా రెండు గజాలు ఎక్కువ, అందులో చాలావరకు నడుం వెనకే మడతపడి ఉంటుంది. గుడ్డ సమృద్ధిగా ఉంటేనే, మడత పెట్టాక కూడా ముందున్న గళ్ళు వెనక తెగకుండా సాగినట్టు కుట్టగలరు. గళ్ళు పెద్దవైతే ఐదు గజాల్లో ఆ పొందిక కుదరడం కష్టం, కుచ్చిళ్ళూ లోతుగా రావు. అయితే ఐదు గజాలదానికీ సుఖాలున్నాయి. ఖరీదు తక్కువ, వేడి తక్కువ. కేలీలో, అంటే స్కాటిష్ నాట్యాల వేడుకలో, స్ట్రిప్ ద విల్లో అనే జోరు నాట్యం ఆడి, చెమటలు కక్కుతూ కుర్చీలో కూలబడినవాళ్ళకు ఆ తేడా బాగా తెలుస్తుంది. తరచూ కట్టుకుని తిరిగేవాళ్ళు 13 ఔన్సుల్లో ఐదు గజాలది తీసుకున్నా నేను కాదనను.

ఏడాదికోసారి కట్టేవాళ్ళకు అద్దె చాలు. జాకెట్టు, స్పోరన్ (నడుం ముందు వేలాడే సంచి), మేజోళ్ళు, బూట్లు అన్నీ కలిపి ఇస్తారు. పర్యాటకుల దుకాణాల్లో వేలాడే యాక్రిలిక్ కిల్టులు ఫొటోకు సరిపోతాయి.

కొత్తగా చేత్తో కుట్టించిన ఎనిమిది గజాల కిల్టు వందల పౌండ్ల మాట, వారాల తరబడి ఆగాలి కూడా. అందుకే నా ఓటు పాత ఉన్ని కిల్టుకు. ఛారిటీ షాపుల్లో, సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో వెతికితే మంచివి దొరుకుతాయి. నడుం కాస్త వదులైనా బిగువైనా తోలు పట్టీలూ బకిల్సూ జరిపి కుట్టిస్తే సరిపోతుంది. పొడవు మాత్రం మార్చలేరు. కింద అంచు మడిచి కుట్టింది కాదు, నేతలో వచ్చిన అంచే. కాబట్టి టేపు పట్టుకెళ్ళి, బొడ్డు ఎత్తు నుంచి మోకాలిచిప్ప మధ్య దాకా కొలుచుకోండి. మనవాళ్ళు జీన్స్ కట్టే చోట కట్టి, అంచు పిక్కల మీదికి జారితే కిల్టు పొడవైందంటారు. పైకి లాగి కట్టండి, సరిపోతుంది. ముందు రెండు పొరల్లో పైది కుడివైపుకు రావాలి. పిన్ను ఆ పై పొరకే గుచ్చాలి. రెంటికీ కలిపి గుచ్చితే గుడ్డ గుంజుకుపోతుంది.

ఒక్క మినహాయింపు. హైదరాబాద్‌లో మే నెల రిసెప్షన్‌కు కట్టాలని సరదా పడితే నేనింతసేపు పొగిడిన 16 ఔన్సులు వద్దు. పల్చటిది అద్దెకు తీసుకెళ్ళండి. మేజోడులో దోపుకునే స్కీన్ డూ కత్తిని చెక్-ఇన్ సూట్‌కేసులోనే పెట్టండి.