బైక్ అలాయ్‌లకి పౌడర్ కోటింగ్: హైదరాబాద్ ఎండకీ దుమ్ముకీ ఏ రంగు, ఏ ఫినిష్

పౌడర్ కోటింగ్ అంటే పొడి రంగుని విద్యుత్ గన్‌తో చక్రం మీద చల్లి, ఓవెన్‌లో కాల్చి పొరగా అతికించడం. ముందే తీర్పు చెప్పేస్తే: నగరంలో రోజూ తిరిగే బండి అలాయ్ (పోత అల్యూమినియం) చక్రాలకి శాటిన్ (మధ్యరకం మెరుపు) నలుపు గానీ శాటిన్ యాంత్రసైట్ (ముదురు) గ్రే గానీ వేయించండి. పౌడర్ బయటి ఎండకి తట్టుకునే పాలిస్టర్ అయి ఉండాలి, కోటు ఒక్కటి చాలు. మ్యాట్ నలుపు ఫొటోలకి బాగుంటుంది, చెయిన్ పక్కనున్న వెనక చక్రానికి బాగుండదు. క్యాండీ ఎరుపు, బంగారు రంగు ఆదివారం బళ్ళకి. తెలుపు రోజూ తుడిచే ఓపిక ఉన్నవాళ్ళకి.

షాపుకి వెళ్ళగానే చేతికిచ్చేది రాల్ కలర్ కార్డు. జర్మనీలో 1927లో 40 రంగులతో మొదలైన లెక్క ఇది. 9005 అంటే నల్లటి నలుపు, 7016 యాంత్రసైట్ గ్రే, 3020 ట్రాఫిక్ ఎరుపు. మామూలు రంగులకి ఈ నెంబరు సరిపోతుంది. మెటాలిక్ రంగులకి మాత్రం నెంబరు మీద భరోసా పెట్టుకోకండి. 9006 సిల్వర్ ఒక కంపెనీది ఒకలా, ఇంకో కంపెనీది ఇంకోలా వస్తుంది, ఎందుకంటే అందులో కలిపే అల్యూమినియం రేకు (పొడిలాంటి సన్నటి ఫ్లేక్) సైజు, మోతాదు కంపెనీని బట్టి మారతాయి. ఈమధ్య అందరూ అడుగుతున్న ‘బ్రాంజ్’కైతే ఈ కార్డులో (రాల్ క్లాసిక్) సరైన జోడీయే లేదు. 8029 పెర్ల్ కాపర్ దగ్గరగా ఉంటుంది గానీ అది రాగి, కంచు కాదు. బ్రాంజ్ కావాలంటే కంపెనీ పేరు, దాని సొంత కోడ్ అడిగి రాయించుకోవాలి.

నెంబరు కన్నా ముందు తేల్చుకోవాల్సింది మెరుపు. దాన్ని 60 డిగ్రీల కోణంలో మెరుపు కొలిచే పరికరంతో (gloss meter) కొలుస్తారు. సుమారుగా 30 లోపు మ్యాట్, 80 పైన గ్లాసీ, మధ్యలోది శాటిన్. ఒకే 9005ని గ్లాసీలో వేస్తే అద్దంలా లోతుగా కనిపిస్తుంది, మ్యాట్‌లో వేస్తే బొగ్గుపొడి పూసినట్టు బూడిదగా కనిపిస్తుంది. రంగు మారలేదు, వెలుతురు చెదిరిపోయింది అంతే. గ్లాసీ మీద మట్టి చుక్కలు, గుడ్డతో తుడిచిన గీతలు దూరానికే తెలుస్తాయి. మ్యాట్ పైపొర కంటికి కనపడనంత గరుకు. చెయిన్ లూబ్ ఆ గరుకులో ఇరుక్కుంటుంది. గట్టిగా రుద్దితే అక్కడ మాత్రం నునుపు తేలి మెరుస్తుంది. ఆ మచ్చని పాలిష్ చేసి సరిచేద్దామంటే చుట్టూ ఇంకా మెరుస్తుంది. శాటిన్‌కి ఈ రెండు బాధలూ తక్కువ. టెక్స్చర్ ఫినిష్ చక్రాలకి అసలు వద్దు, గేట్లకి బాగుంటుంది.

ఇక అసలు చిక్కు పౌడర్ సరఫరాలో ఉంది. పౌడర్ 20 లేదా 25 కిలోల పెట్టెల్లో వస్తుంది. ఒక కిలో పౌడర్ 60 మైక్రాన్ల మందంతో లెక్క ప్రకారం దాదాపు 11 చదరపు మీటర్లకి రావాలి. గాలికి పోయేది, పౌడర్ కొట్టే గది (బూత్) గోడలకి అంటుకునేది తీసేసినా రెండు చక్రాలకి కిలో లోపే ఖర్చవుతుంది. మీ కిలో కోసం ఎవరూ పాతిక కిలోల పెట్టె తెరవరు. అందుకే ‘ఏ కలరైనా చేస్తమన్నా’ అనే మాటకి అసలు అర్థం ‘మా దగ్గర మిగిలి ఉన్న ఏ కలరైనా’ అని. మిగిలిన పౌడర్ తప్పని కాదు గానీ, దాన్ని 30 డిగ్రీల లోపు, తేమ తగలకుండా దాచాలి, తయారైన తేదీ నుంచి మామూలుగా ఏడాది లోపు వాడేయాలి. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో 30 డిగ్రీలు ఎక్కడి మాట? అలా వేడెక్కిన పౌడర్ గడ్డలు కడుతుంది, గన్‌లో ఆగి ఆగి వస్తుంది, చక్రం మీద అటుకుల్లా పడుతుంది. పెట్టె మీది తేదీ చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఆ పెట్టె మీదే ఇంకో మాట చూడాలి: పాలిస్టరా, ఎపాక్సీ పాలిస్టర్ హైబ్రిడ్డా? బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామిక వాడల్లో ప్యానెల్ బోర్డులు, ఫర్నిచర్‌కి కోటింగ్ వేసే యూనిట్లకి హైబ్రిడ్ రోజువారీ సరుకు. సీమెన్స్ గ్రే అని పిలిచే 7032లో ఎక్కువగా పోయేది అదే. గది లోపలి సామానుకి అది చక్కటి పౌడర్, చవక కూడా. అదే నలుపు రంగులో మీ చక్రానికి వేస్తే ఎండకి ఎపాక్సీ విరిగి, పైన సున్నంలా తెల్లపొడి తేలుతుంది. వేలితో రాస్తే వేలికి అంటుతుంది. కడిగిన రోజు నల్లగా, ఆరాక మళ్ళీ తెల్లగా ఉంటే జబ్బు అదే. బిల్డింగ్ కిటికీలకి వాడే క్వాలికోట్ ప్రమాణంలో క్లాస్ 1 పౌడర్‌ని ఫ్లోరిడా ఎండలో ఒక ఏడాది ఉంచి చూస్తారు, క్లాస్ 2ని మూడేళ్ళు. సూపర్ డ్యూరబుల్ అని అమ్మేవి ఆ రెండో తరగతి. కిలోకి ధర ఎక్కువే, కానీ మీకు పట్టేది కిలో లోపే కదా.

రంగుల వారీగా చూస్తే, నలుపు, ముదురు గ్రే, బ్రాంజ్ బ్రేకు దుమ్ముని దాచుకుంటాయి. సింటర్డ్ (లోహపు పొడితో చేసిన) బ్రేకు ప్యాడ్లున్న ముందు చక్రం మీద సన్నటి ఇనుప రవ్వలు పడి తుప్పు చుక్కలవుతాయి. తెలుపు మీద అవి పసుపు పోసినట్టు కనిపిస్తాయి. ఫ్లోరోసెంట్ రంగుల మీద మోజు యమహా ఎంటీ-15 బైకు వెర్మిలియన్ (మెరిసే నారింజ ఎరుపు) చక్రాలు చూశాక పెరిగింది. ఆ జాతి రంగు పదార్థాలన్నీ ఎండకి త్వరగా వెలిసిపోతాయి, ఎండలో నిలిపే బండికి వద్దు. బంగారు, సిల్వర్ మెటాలిక్‌లలో రేకు పైకి తేలి ఉంటుంది. మీద క్లియర్ కోటు లేకపోతే వానకీ, యాసిడ్ కలిసిన వాషింగ్ నీళ్ళకీ ఆ రేకు నల్లబడుతుంది. మెటాలిక్ అంటే రెండు కోట్లు అనే లెక్కలోనే బేరం మొదలుపెట్టండి.

క్యాండీ ఇంకా నాజూకు. కింద సిల్వర్, మీద పారదర్శకమైన రంగు పొర. ఈ పొర మందం కాస్త మారినా షేడ్ మారుతుంది. చక్రంలో కడ్డీ, హబ్ కలిసే మూలల్లోకి పౌడర్ తిన్నగా వెళ్ళదు. విద్యుత్ క్షేత్రం అంచుల దగ్గరే పౌడర్‌ని లాగేసుకుంటుంది, దీన్ని ఫారడే కేజ్ ప్రభావం అంటారు. ఫలితం: అంచుల్లో దానిమ్మ ఎరుపు, మూలల్లో గులాబీ. గన్ వోల్టేజీ, గాలి వేగం తగ్గించి, ముందుగా మూలలు కొట్టి తర్వాత బయటి భాగం కొట్టే చెయ్యి కావాలి. క్యాండీ చేసిన చక్రం ఒకటి చూపించలేని షాపులో క్యాండీ వేయించకండి.

ఏ రంగైనా రెండు చక్రాలూ ఒకే రోజు, ఒకే పెట్టె పౌడర్‌తో కొట్టించాలి. మెటాలిక్‌లో బూత్‌లో రాలిన పౌడర్ ఊడ్చి మళ్ళీ వాడితే రేకు పాళ్ళు మారి, ముందు చక్రం, వెనక చక్రం అన్నదమ్ముల్లా కాక పక్కింటివాళ్ళలా ఉంటాయి. కార్డు చూసి ఒప్పుకోకుండా అరచెయ్యంత అల్యూమినియం రేకు మీద శాంపిల్ కొట్టించుకుని, మధ్యాహ్నం ఎండలో ఒకసారి, సాయంత్రం వీధి దీపం కింద ఒకసారి, బండి ట్యాంకు పక్కన పెట్టి చూడండి. షాపు ట్యూబ్‌లైటు కింద గ్రేలన్నీ అందంగానే ఉంటాయి.

చాలాసార్లు కోటింగ్ పాడయ్యేది పౌడర్ కొట్టకముందే. చక్రం విప్పాక టైరు, వాల్వు, బేరింగులు, సీళ్ళు, కుష్ రబ్బర్లు (వెనక హబ్‌లో కుదుపు తగ్గించేవి), డిస్కు, ఏబీఎస్ రింగు, బ్యాలెన్స్ బరువులు అన్నీ తీసేయాలి. ఓవెన్‌లో లోహమే 180 నుంచి 200 డిగ్రీలకి చేరి 10, 15 నిమిషాలు నిలవాలి. బేరింగు గ్రీజు, రబ్బరు సీలు ఆ వేడికి ఆగవు. ‘బేరింగ్ ఉంచే చేస్తం, టేప్ ఏస్తం’ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. పాత పెయింటు కెమికల్‌తో గానీ, గ్లాస్ బీడ్ లేదా అల్యూమినియం ఆక్సైడ్ రవ్వల్ని గాలి ఒత్తిడితో కొట్టే బ్లాస్టింగ్‌తో గానీ తీయాలి. ఇనుప షాట్‌తో కొడితే ఇనుప రవ్వలు అల్యూమినియంలో ఇరుక్కుని తర్వాత కోటింగు కింద పొక్కులు లేస్తాయి. పెయింటు కాల్చేసే బట్టీలో అలాయ్ పెట్టనే కూడదు. వేడి చేసి గట్టిపరచిన అల్యూమినియం ఆ వేడికి మెత్తబడుతుంది. మళ్ళీ మళ్ళీ రంగు మార్చి నాలుగైదుసార్లు ఓవెన్‌లో పెట్టడం కూడా అదే కారణంతో మంచిది కాదు.

బ్లాస్టింగ్ అయ్యాక ఆగి చక్రం చూడండి. పగులు ఉంటే అప్పుడే కనిపిస్తుంది, కోటింగు పడ్డాక ఎవరికీ కనపడదు. పగిలిన చక్రానికి రంగు వేయించడం పని కాదు, ప్రమాదం. బెండు ఉంటే కోటింగు ముందే తీయించాలి. రాసుకుపోయిన అంచుల్ని మామూలు లప్పంతో నింపితే ఓవెన్‌లో అది ఉబ్బి పగులుతుంది. వేడికి తట్టుకునే మెటల్ పుట్టీ వాడాలి, అదీ పైపై గీతలకే.

పోత అల్యూమినియంలో చిన్న చిన్న రంధ్రాల్లో గాలి, నూనె దాగి ఉంటాయి. అవి ఓవెన్‌లో బయటికి తోసుకొచ్చి ఆవగింజంత బుడగలు, సూదిబెజ్జాలు చేస్తాయి. కోటింగ్ వేడి కంటే కాస్త ఎక్కువ వేడిలో ఖాళీ చక్రాన్ని ముందే కాల్చి చల్లార్చితే ఆ గాలి ముందే పోతుంది. ఈ మెట్టుకి గంట, గంటన్నర పడుతుంది కాబట్టి హడావుడి షాపులు వదిలేస్తాయి. ‘సెవెన్ ట్యాంక్’ (కోటింగుకి ముందు లోహాన్ని ఏడు ట్యాంకుల్లో ముంచి శుభ్రం చేసే పద్ధతి) అని బోర్డు ఉన్నంత మాత్రాన మురిసిపోకండి. అందులోని ఫాస్ఫేట్ ట్యాంకు ఇనుముకి. అల్యూమినియానికి వేరే కన్వర్షన్ కోటింగు (పౌడర్ పట్టేలా చేసే రసాయన పొర) కావాలి, అది ఉందా అని విడిగా అడగండి. వానాకాలంలో కంప్రెసర్ గాలిలో తేమ వచ్చి గుంటలు పడతాయి, ఎయిర్ డ్రయ్యర్ లేని చోట జులై, ఆగస్టుల్లో పని ఇవ్వకపోవడం మేలు.

మాస్కింగ్ విషయంలో రాజీ లేదు. బేరింగ్ కూర్చునే గూడు, డిస్కు ఆనే ముఖం, బోల్టు మరలు, స్పేసర్ తాకే చోటు, వాల్వు రంధ్రం సిలికాన్ ప్లగ్గులతో, ఆకుపచ్చ హై టెంపరేచర్ టేపుతో మూయాలి. డిస్కు కింద 70 మైక్రాన్ల పౌడర్ ఉండిపోతే వేడికీ బిగువుకీ అది నలిగి బోల్టు పట్టు సడలుతుంది, డిస్కు వంకరగా తిరిగి లీవరు కొట్టుకుంటుంది. స్పోకు రిమ్ములైతే స్పోకులన్నీ విప్పి రిమ్ము, హబ్ విడిగా చేయించాలి. నిపుల్ (స్పోకుని రిమ్ముకి బిగించే నట్టు) రంధ్రాల్లో పౌడర్ మందంగా ఉంటే అది నలిగి స్పోకు వదులవుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ ట్రూయింగ్ (స్పోకులు బిగించి రిమ్ము వంకర తీయడం) తప్పదు. క్రోమ్ రిమ్ము మీద నేరుగా పౌడర్ పట్టదు, క్రోమ్ తీయించాలి లేదా బాగా గరుకు చేయించాలి.

ప్రత్యామ్నాయాల గురించి రెండు మాటలు. టూకే పీయూ (రెండు భాగాలు కలిపి కొట్టే పాలీయురేథేన్) పెయింటు తక్కువ వేడిలో ఆరుతుంది, రంగుల ఎంపిక అనంతం, చిన్న చెక్కు లేస్తే అక్కడే టచప్ చేయొచ్చు. పౌడర్‌కి ఆ సౌకర్యం లేదు. కానీ టైరు లీవరు దెబ్బకీ రాయి దెబ్బకీ పౌడరే మేలు. అనోడైజింగ్ స్పోకు బళ్ళ అల్యూమినియం రిమ్ములకి అద్భుతం. పోత అలాయ్‌లలో సిలికాన్ ఎక్కువ, అక్కడ మచ్చలు మచ్చలుగా గ్రే వస్తుంది. ఒలిచేసే రబ్బరు స్ప్రే రంగు నచ్చుతుందో లేదో చూసుకోడానికి పనికొస్తుంది, పెట్రోలు చుక్క పడితే కరిగిపోతుంది.

డెలివరీ తీసుకునేటప్పుడు మందం కొలిపించుకోండి. ఒక కోటుకి 60 నుంచి 90 మైక్రాన్లు, రెండు కోట్లకి 120 నుంచి 160 వరకు ఉండాలి. అయస్కాంతంతో పనిచేసే గేజీ ఇనుము మీదే చూపిస్తుంది, అల్యూమినియానికి ఎడ్డీ కరెంటు గేజీ కావాలి. సరిగా కాలిందా లేదా తెలియాలంటే, ఇంకో శాంపిల్ రేకుని కూడా చక్రాలతోపాటే కాల్పించుకుని, తెల్లగుడ్డకి థిన్నర్ తడిపి దాని మీద పాతికసార్లు రుద్దండి. గుడ్డకి కాస్త రంగు అంటితే పర్వాలేదు, పొర జిగురుగా మెత్తబడితే కాల్పు తక్కువైనట్టు. అది చక్రానికి చేయకండి, శాంపిల్ ఉన్నది అందుకే. కడ్డీల లోపలి మూలలు టార్చి వేసి చూడండి, కింది లోహం కనపడకూడదు.

టైరు ఎక్కించేది మెషీను మీద, సబ్బునీళ్ళు రాసి, రిమ్ముకి ప్లాస్టిక్ తొడుగులు పెట్టి. పక్క వీధి పంచర్ షాపులో రెండు ఇనుప లీవర్లతో ఎక్కిస్తే మొత్తం పని ఐదు నిమిషాల్లో పోతుంది. ట్యూబ్‌లెస్‌కి కొత్త వాల్వు వేయించండి, టైరు కూర్చునే అంచులో పౌడర్ గడ్డలు లేకుండా చూడండి, లేకపోతే గాలి మెల్లగా దిగుతుంది. బరువులు అంటించేవి వాడాలి, క్లిప్పువి అంచుని గీస్తాయి. బేరింగులు కొత్తవి, డిస్కు బోల్టులు థ్రెడ్‌లాక్ (మరలు వదులు కాకుండా ఆపే జిగురు) రాసి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్కుతో బిగించాలి. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక డిస్కు బోల్టుల బిగువు, స్పోకు బండైతే స్పోకుల బిగువు, మళ్ళీ చూపించండి.