మూలల దాకా పదును: సోనీ 20 మి.మీ. ఎఫ్/1.8 జి లెన్స్‌తో కొన్నేళ్ల అనుభవం

మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాకి వైడ్ ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేకుండా వెడల్పైన దృశ్యాన్ని పట్టే లెన్స్, కొనాలనుకుంటే ముందు మూలలు చూడండి. ఫ్రేమ్ మధ్యలో ఇప్పుడు వస్తున్న లెన్సులన్నీ దాదాపు షార్ప్‌గానే ఉంటున్నాయి. అక్కడ ఒకదానికీ ఇంకోదానికీ ఉన్న తేడా పట్టుకోవాలంటే ఫొటోని బాగా జూమ్ చేసి చూడాలి. మూలల్లో అలా కాదు, తేడా మామూలు కంటికే తెలిసిపోతుంది. పోర్ట్రెయిట్ తీసేటప్పుడు మూలలు ఎలాగూ బ్లర్‌లో కలిసిపోతాయి కాబట్టి అక్కడ పదును లేకపోయినా ఎవరూ అడగరు. వైడ్ ఫొటోలో మాత్రం మూలల్లోనే గడ్డి ఉంటుంది, చెట్ల కొమ్మలు ఉంటాయి, పైకప్పు దూలాలు ఉంటాయి, గ్రూపులో చివర నిలబడ్డ మనిషి ఉంటాడు. అవి మసకబారితే ఫొటో మొత్తం నీరసంగా కనిపిస్తుంది.

ఈ లెక్కన చూసుకునే నేను సోనీ ఎఫ్‌ఈ 20 మి.మీ. ఎఫ్/1.8 జి తీసుకున్నాను. 2020లో వచ్చిన లెన్స్ ఇది. 20 మి.మీ. అన్నది దాని ఫోకల్ లెంగ్త్, ఆ అంకె తగ్గేకొద్దీ దృశ్యం వెడల్పవుతుంది. ఎఫ్/1.8 అన్నది అపెర్చర్, అంటే వెలుగు వచ్చే ద్వారం, ఆ అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్న) బాడీ మీద కొన్నేళ్లుగా వాడుతున్నాను. ల్యాండ్‌స్కేప్, రాత్రి ఆకాశం, ఇళ్ల లోపలి ఫొటోలు, కొంత వీడియో, అన్నిటికీ ఇదే. కొత్తలో కలిగే అభిప్రాయానికీ ఇన్నాళ్లు వాడాక కలిగే అభిప్రాయానికీ చాలా తేడా ఉంటుంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

24 కాకుండా 20 ఎందుకు అని చాలామంది అడుగుతారు. కాగితం మీద 4 మి.మీ. తేడాయే. కానీ గోడకి మూడు మీటర్ల దూరంలో నిలబడితే 24తో నాలుగున్నర మీటర్ల వెడల్పు పడుతుంది, 20తో ఐదు మీటర్ల నలభై సెంటీమీటర్లు. చిన్న గదిలో వెనక్కి జరగడానికి చోటు లేనప్పుడు ఆ తొంభై సెంటీమీటర్లే పనికొస్తాయి. 20 కన్నా ఇంకా కిందికి, 16కో 14కో వెళ్తే దృశ్యం బాగా పడుతుంది గానీ దూరపు కొండలు మరీ చిన్నవైపోతాయి, ముందు ఏదైనా బలమైన వస్తువు లేకపోతే ఫ్రేమ్ ఖాళీగా తోస్తుంది. రోజూ వాడే వైడ్‌గా నాకు 20 సరిగ్గా కుదిరింది. వీధి ఫొటోలు, మనుషులతో కూడిన దృశ్యాలు ఎక్కువ తీసేవాళ్లయితే 24 వైపు వెళ్లడమే మంచిది.

బరువు 373 గ్రాములు. వైడ్ లెన్స్ విషయంలో బరువుని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, కానీ పట్టించుకోవాలి. నికాన్ జడ్ 20 మి.మీ. ఎఫ్/1.8 ఎస్ 505 గ్రాములు, సిగ్మా 20 మి.మీ. ఎఫ్/1.4 డీజీ డీఎన్ 600 గ్రాములు దాటుతుంది. అవీ గొప్ప లెన్సులే. సిగ్మాది నక్షత్రాల ఫొటోలు తీసేవాళ్ల కోసం ప్రత్యేకంగా ఆలోచించి చేసిన లెన్స్. కానీ వైడ్ లెన్స్ మన బ్యాగ్‌లో సాధారణంగా రెండోదో మూడోదో. బరువైతే దాన్ని ఇంట్లో వదిలేసి వెళ్లిపోతాం. ఇది వదిలేయాలనిపించలేదు.

ఇంత చిన్న సైజులో ఇంత పదును ఎలా వచ్చిందంటే సగం ఘనత మిర్రర్‌లెస్ కెమెరా నిర్మాణానిదే. డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య అద్దం ఆడాలి. లెన్స్ బిగించే చోటుని మౌంట్ అంటారు. కెనాన్ ఈఎఫ్ మౌంట్ నుంచి సెన్సర్‌కి దూరం 44 మి.మీ., నికాన్ ఎఫ్‌లో 46.5. లెన్స్ ఫోకల్ లెంగ్తే 20 మి.మీ. అయినప్పుడు బింబాన్ని అంత వెనక్కి తోయడానికి ముందువైపు పెద్ద పెద్ద గాజులు పెట్టాల్సి వచ్చేది. సోనీ ఈ మౌంట్‌లో ఆ దూరం 18, నికాన్ జడ్‌లో 16, కెనాన్ ఆర్‌ఎఫ్‌లో 20 మి.మీ. వెనక గాజుల్ని సెన్సర్‌కి దగ్గరగా పెట్టగలిగారు కాబట్టి వైడ్ లెన్సులు చిన్నవయ్యాయి, మూలలూ బాగుపడ్డాయి. అలాగని పాత రేంజ్‌ఫైండర్ (లెన్స్ వెనక అద్దం లేని ఫిల్మ్ కెమెరా) వైడ్ లెన్సులు అడాప్టర్‌తో పెడితే బ్రహ్మాండంగా వస్తాయని అనుకోవద్దు. అవి ఫిల్మ్ కోసం చేసినవి. మూలల్లో వెలుగు బాగా వాలుగా వచ్చి సెన్సర్ మీదున్న గాజు పొరల్ని దాటేసరికి చెదిరిపోతుంది, అంచులు అలికినట్టు కనిపిస్తాయి.

ఇక పదును సంగతి. ఎండలో, ఫ్రేమ్ పైమూలలో ఆకురాలిన చెట్టు కొమ్మలు పడేలా తీసిన ఫొటోల్నే నేను ఎక్కువగా పరీక్షకి వాడతాను. తెల్లని ఆకాశం మీద సన్నని రెమ్మల కన్నా కఠినమైన పరీక్ష లేదు. ఎఫ్/1.8లో మధ్యభాగం మొదటినుంచే పదునుగా ఉంది. మూలకి వెళ్లేకొద్దీ రెమ్మలు విడివిడిగానే కనిపిస్తాయి గానీ కాంట్రాస్ట్ కొంచెం తగ్గుతుంది, చీకటి బాగానే కమ్ముకుంటుంది. ఊదారంగు అంచులు చాలా తక్కువ. ఎఫ్/2.8కి వచ్చేసరికి మూల తేరుకుంటుంది. ఎఫ్/4, ఎఫ్/5.6 మధ్య ఈ లెన్స్ ఇవ్వగలిగినదంతా ఇచ్చేస్తుంది. ఆ పైన ఎఫ్/8కి వెళ్లేది డెప్త్ (ముందు నుంచి వెనక దాకా ఫోకస్‌లో ఉండే లోతు) కోసమే, పదును కోసం కాదు. ఎఫ్/11 దాకా పరవాలేదు. ఎఫ్/16లో డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెళ్తూ వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. ఇది ఈ లెన్స్ లోపం కాదు, వెలుగు స్వభావమే అంత. ల్యాండ్‌స్కేప్ అనగానే ఎఫ్/16 పెట్టే అలవాటున్నవాళ్లు ఎంత మంచి లెన్స్ కొన్నా దాని పదునుని చూడలేరు.

ఫోకస్ ఎక్కడ పెట్టామన్నదీ అంతే ముఖ్యం. 20 మి.మీ.కి ఎఫ్/8లో హైపర్‌ఫోకల్ దూరం సుమారు 1.7 మీటర్లని పట్టికలు చెప్తాయి. అక్కడ ఫోకస్ చేస్తే 85 సెంటీమీటర్ల నుంచి దూరపు కొండ దాకా అన్నీ ఫోకస్‌లో ఉన్నట్టే లెక్క. కానీ ఆ లెక్క చిన్న ప్రింట్లు చూసే రోజులది. పిక్సెల్స్ ఎక్కువున్న సెన్సర్‌తో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే కొండ మెత్తగా ఉంటుంది, లెన్స్ షార్ప్‌గా లేదనిపిస్తుంది. నేను ఆ దూరాన్ని రెట్టింపు చేసి, మూడు మీటర్ల పైచిలుకులో ఫోకస్ పెడతాను. ముందు గడ్డి కాస్త అటూ ఇటూ అయినా దూరం గట్టిగా నిలబడుతుంది. రెండూ కావాలంటే రెండు ఫొటోలు తీసి కలుపుకోవడమే.

కొన్న వెంటనే తప్పకుండా చేయాల్సిన పని ఒకటుంది. లోపలి గాజుల్లో ఒకటి రవ్వంత పక్కకి జరిగి ఉన్నా లెన్స్ ఒకవైపే మెత్తబడుతుంది. దీన్నే డీసెంటరింగ్ అంటారు. ఏ కంపెనీ లెన్స్‌లోనైనా ఎప్పుడో ఒకసారి తగులుతుంది, వైడ్‌లో ఇంకా స్పష్టంగా బయటపడుతుంది. ఇంతకుముందు నేను తీసుకున్న వేరే కంపెనీ వైడ్ లెన్స్‌లో ఎడమవైపు మూలలు రెండూ ఎఫ్/8లోనూ కోలుకోలేదు. మార్చి ఇంకోటి తెప్పించుకుంటే అది చక్కగా ఉంది. పరీక్షకి ఇటుక గోడ ముందు నిలబడక్కర్లేదు. కెమెరా గోడకి సమాంతరంగా లేకపోతే దాని తప్పు లెన్స్ మీద పడుతుంది. బాగా దూరంలో ఉన్న టవరో భవనమో ఒకటి చూసుకోండి. ట్రైపాడ్ మీద పెట్టి, మధ్యలో దాన్ని మాన్యువల్ ఫోకస్ చేసి, ఇక రింగ్ ముట్టుకోకుండా అదే టవర్‌ని నాలుగు మూలల్లోకీ తెచ్చి నాలుగు ఫొటోలు తీయండి, ఎఫ్/1.8లో ఒకసారి, ఎఫ్/4లో ఒకసారి. నాలుగు మూలలూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే అది డిజైన్. ఒక మూల మాత్రమే తేడాగా ఉంటే వాపసు గడువు అయిపోకముందే మార్చుకోండి. ఈ పని అయిపోతే ఇక ఆ లెన్స్ గురించి టెన్షన్ ఉండదు.

ఈ లెన్స్ మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది రాత్రిపూట. ఎఫ్/2.8 జూమ్‌తో పోలిస్తే ఎఫ్/1.8లో దాదాపు 2.4 రెట్లు వెలుగు ఎక్కువ వస్తుంది. అక్కడ ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ సున్నితత్వం) 8000 దగ్గర పెట్టాల్సింది ఇక్కడ 3200తో సరిపోతుంది. నక్షత్రాలకి ఎక్స్‌పోజర్ ఎంతసేపని చెప్పే పాత 500 సూత్రం ప్రకారం 20 మి.మీ.కి 25 సెకన్లు. పిక్సెల్స్ ఎక్కువున్న బాడీలో అప్పటికే చుక్కలు గీతలైపోతాయి, పది పన్నెండు సెకన్లు దాటకుండా ఉంటే మంచిది. అందుకే ఆ అదనపు వెలుగు అంత విలువైనది. మూలల్లో చుక్కలకి రెక్కలు మొలిచినట్టు కనిపించే కోమా చాలా వైడ్ లెన్సుల్ని దెబ్బతీస్తుంది. ఇందులో ఎఫ్/1.8లో కూడా చివరి అంచుల్లోనే, అదీ జూమ్ చేసి వెతికితేనే, చిన్న రెక్కలు కనిపిస్తాయి. ఎఫ్/2.2కో 2.5కో తగ్గిస్తే అవీ సర్దుకుంటాయి.

రాత్రి ఇబ్బంది పెట్టేది ఫోకస్ రింగే. మోటార్‌ని నడిపే ఎలక్ట్రానిక్ రింగ్ కాబట్టి దూరం అంకెలు లెన్స్ మీద ఉండవు, ఇన్ఫినిటీ దగ్గర ఆగదు. కెమెరా ఆపి వేశాక ఫోకస్ పెట్టినచోటే ఉందన్న నమ్మకం పెట్టుకోకుండా, ప్రకాశమైన నక్షత్రం ఒకటి స్క్రీన్ మీద పెద్దది చేసుకుని ప్రతిసారీ కొత్తగా పెట్టుకోవాలి. ఇంకో సంగతి, మూలల చీకటిని ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ఈ లెన్స్ కోసం ఉండే ప్రొఫైల్ సరిచేసేటప్పుడు అక్కడి నాయిస్‌ని (చుక్కచుక్కల గరుకుని) కూడా పైకి లేపుతుంది. పగటి ఫొటోల్లో ఆ ప్రొఫైల్ ఉంచేస్తాను, రాత్రి ఫొటోల్లో సగానికి తగ్గిస్తాను.

దగ్గరగా ఫోకస్ చేయగలగడం కొనేటప్పుడు నేను లెక్కలోకి తీసుకోని లాభం. ఆటోఫోకస్‌లో 19 సెంటీమీటర్లు, మాన్యువల్‌లో 18. ఇది సెన్సర్ నుంచి కొలిచే దూరం. లెన్స్ పొడవూ మౌంట్ లోతూ తీసేస్తే ముందు గాజుకీ వస్తువుకీ మధ్య తొమ్మిది సెంటీమీటర్లు కూడా ఉండవు. లెన్స్ ముందు బిగించే హుడ్ నీడ పువ్వు మీద పడుతుంది, తీసేసి తీయాలి. రాతి మీద పాకిన నాచులో గోరంత పువ్వుని అలా తీస్తే పువ్వు ఫ్రేమ్‌లో పెద్దదిగా వస్తుంది, వెనక వాగూ అడవీ బ్లర్‌లో ఉన్నా ఏమిటో పోల్చుకోగలిగేలా ఉంటాయి. మాక్రో లెన్స్ పువ్వుని మాత్రమే చూపిస్తుంది, ఇది పువ్వు ఉన్న చోటుని కూడా చూపిస్తుంది.

మనుషుల్ని తీసేటప్పుడు జాగ్రత్త. అంచుల్లో ముఖాలు పక్కకి సాగుతాయి. ఇది లెన్స్ డిస్టార్షన్ కాదు, ప్రొఫైల్‌తో పోదు. అంత వెడల్పు దృశ్యాన్ని చదునైన సెన్సర్ మీద గీతలు వంగకుండా పరిచినప్పుడు జరిగేదే. గ్రూప్ ఫొటోలో రెండు చివర్లా కొంచెం ఖాళీ వదలండి, కెమెరాని ఛాతీ ఎత్తులో పైకీ కిందికీ వంచకుండా పట్టుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అపెర్చర్ రింగ్ ఉంది, వీడియోకి క్లిక్ లేకుండా తిప్పుకునే స్విచ్ ఉంది. ఆ రింగ్‌కి లాక్ లేదు కాబట్టి బ్యాగ్‌లోంచి తీసిన ప్రతిసారీ అంకె చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఆటోఫోకస్ వేగంగా, చప్పుడు లేకుండా పనిచేస్తుంది. ఎఫ్/11కి కుదిస్తే అపెర్చర్‌లోని తొమ్మిది బ్లేడ్ల వల్ల సూర్యుడి చుట్టూ పద్దెనిమిది కిరణాలు అందంగా వస్తాయి. ఫిల్టర్ సైజు 67 మి.మీ., తేలిగ్గా దొరుకుతుంది. కాకపోతే పోలరైజర్‌ని నీళ్ల మెరుపు తీయడానికే వాడండి. నీలాకాశం ఉంటే వద్దు, ఎందుకంటే సూర్యుడికి 90 డిగ్రీల పక్కన మాత్రమే ఆకాశం ముదురుతుంది, ఇంత వెడల్పు ఫ్రేమ్‌లో అది మధ్యలో నల్లటి పట్టీలా పడుతుంది.

అందరికీ ఇదే కొనమని చెప్పను. రాత్రి ఫొటోలు తీయనివాళ్లకి ఎఫ్/1.8 అవసరం లేదు. సోనీదే 24 మి.మీ. ఎఫ్/2.8 జి 162 గ్రాములే, కెమెరా మీద ఉన్నట్టే తెలియదు. క్షణక్షణానికీ ఫ్రేమ్ మారే ఈవెంట్లు తీసేవాళ్లు జూమ్ తీసుకోవాలి, 2023లో వచ్చిన 16-35 ఎఫ్/2.8 జీఎం 2 547 గ్రాముల్లోనే అన్నీ ఇస్తుంది. ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్ ఉన్న) బాడీ ఉన్నవాళ్లు అసలు ఈ లెన్స్ వైపు చూడొద్దు, దాని మీద ఇది 30 మి.మీ. లెన్స్‌లా అయిపోతుంది, వైడ్ అన్న మాటే పోతుంది. ఫ్యూజీ ఏపీఎస్-సీ బాడీ ఉంటే ఎక్స్‌ఎఫ్ 14 మి.మీ. ఎఫ్/2.8 చూడండి. దాదాపు ఇదే వెడల్పు, 235 గ్రాములు, పైగా ఫోకస్ రింగ్‌ని వెనక్కి లాగితే దూరం, డెప్త్ అంకెలు లెన్స్ మీదే కనిపిస్తాయి. నా 20 మి.మీ.కి అలాంటి రింగ్ ఒకటి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.