అమ్మాన్‌లో ఎనిమిది వారాలు: అరబిక్ చదువుకు ఏ ఇల్లు, ఏ వీధి

అమెరికా విశ్వవిద్యాలయంలో రెండేళ్లు అరబిక్ చదివి, నిఘంటువు పక్కన పెట్టుకుంటే వార్తాపత్రిక అర్థమయ్యే స్థితికి వచ్చాక, వేసవి సెలవుల్లో ఎనిమిది వారాల కోర్సు కోసం జోర్డాన్ రాజధాని అమ్మాన్‌కు వెళ్లాను. విమానాశ్రయం బయట టాక్సీ డ్రైవరు అడిగిన మొదటి ప్రశ్నే నాకు అందలేదు. ‘ఎక్కడికి వెళ్లాలి’ అనడానికి నేను నేర్చుకున్నది ‘ఐన తురీదీన అన్ తద్‌హబీ’; ఆయన అడిగింది ‘వేన్ బిద్దిక్ త్రూహీ’. మొదటిది ఫుస్‌హా, అంటే పుస్తకాలలో, వార్తలలో, ఉపన్యాసాలలో వాడే ప్రామాణిక భాష. రెండోది ఆమ్మియ్య, ఇళ్లలోనూ వీధుల్లోనూ నడిచే వాడుక భాష. మన గ్రాంథికానికీ వాడుకకూ ఉన్నంత ఎడమే అనుకుని వెళ్లిన నాకు, అది అంతకంటే చాలా పెద్దదని మొదటి వారంలోనే తెలిసింది. బస, రవాణా, విహారయాత్రలు అన్నింటినీ నేను ఆ తర్వాత ఒకే కొలతతో చూశాను: అది నా చేత ఎంత అరబిక్ మాట్లాడించింది?

తరగతులు జోర్డాన్ విశ్వవిద్యాలయానికి దగ్గరలోని ఒక ప్రైవేటు సంస్థలో జరిగాయి. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు కాబట్టి ఆదివారం నుంచి గురువారం వరకు రోజూ నాలుగు గంటల పాఠం. అందులో మూడు గంటలు ఫుస్‌హాకు, ఒక గంట మాత్రమే ఆమ్మియ్యకు. వ్యాకరణం చెప్పిన తీరులో వంక పెట్టడానికేమీ లేదు. మూడక్షరాల ధాతువు నుంచి పదాలు ఎలా పుట్టుకొస్తాయో, వాక్యంలో పదం పోషించే పాత్రను బట్టి దాని చివరి అచ్చు ఎందుకు మారుతుందో అంత ఓపికగా విడమరిచి చెప్పినవారిని నేను అంతకుముందు చూడలేదు. అయితే ఆ ఒక్క గంట ఆమ్మియ్య మాత్రం ఎటూ చాలదు. కోర్సు ఎంచుకునేటప్పుడు ఈ నిష్పత్తిని ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

మొదటి రెండు వారాలు విశ్వవిద్యాలయం దగ్గర, ఇద్దరు సహవిద్యార్థినులతో కలిసి ఒక అపార్ట్‌మెంటులో ఉన్నాను. తరగతికి నడిచి వెళ్లే దూరం, మంచి వంటగది, వేగవంతమైన ఇంటర్నెట్ ఉన్నా, సాయంత్రమైతే ముగ్గురమూ ఇంగ్లీషులోనే గడిపేవాళ్లం. అద్దెలోనే అన్ని ఖర్చులూ కలిశాయని చెప్పిన మధ్యవర్తి, ట్యాంకరుతో నీళ్లు తెప్పించిన రోజున ఆ డబ్బు విడిగా అడిగారు. నీటి కొరత తీవ్రంగా ఉన్న దేశాలలో జోర్డాన్ ఒకటి. అమ్మాన్ ఇళ్లకు సాధారణంగా వారానికోసారి మాత్రమే నీళ్లు వదులుతారు, మిద్దె మీది ట్యాంకులలో నింపుకున్నదే మళ్లీ వంతు వచ్చేదాకా సరిపెట్టుకోవాలి. ఇది తెలియక మేము మూడు రోజులకే ట్యాంకు ఖాళీ చేశాం.

మూడో వారంలో జబల్ అల్ వైబ్దె అనే కొండ మీది పాత రాతి ఇంట్లో, ఒక కుటుంబంతో కలిసి ఉండటానికి మారాను. గది చిన్నది, మెట్లు చాలా ఎక్కాలి, తరగతికి వెళ్లడానికి రోజూ ముప్పావు గంట. అయినా ఆ ఎనిమిది వారాలలో నేను తీసుకున్న మంచి నిర్ణయం అదే. అక్కడ పెద్దవారిని పేరుతో పిలవరు; ఇంటావిడను పెద్ద కొడుకు పేరుకు ముందు ‘ఉమ్’, అంటే అమ్మ, అని చేర్చి పిలిచేవారు, నేను మాత్రం ‘ఖాల్తో’ అనేదాన్ని. అది అచ్చంగా మన పిన్ని. ఆ ఇంట్లో కాఫీ ఒక్కటే మూడు మాటలయ్యేది: తరగతిలో నేర్చుకున్న ‘కహ్వ’ను ఖాల్తో ‘అహ్వె’ అనేవారు, ఆమె కొడుకు ‘గహ్వె’ అనేవాడు. అమ్మాన్‌లో ఆడవారి పలుకులో ఆ ‘క’ తరచు గొంతులోనే ఆగిపోతుంది, మగవారి పలుకులో ఎక్కువగా ‘గ’ అవుతుంది. ఈ తేడాను ఆ భోజనాల బల్ల దగ్గర వారం రోజుల్లో నా చెవి పట్టుకుంది.

తెలుగు మాట్లాడేవారికి అక్కడ మరో ఆనందం ఉంది. రొట్టెల దుకాణంలో ఏమి అడిగినా కుర్రవాడు ‘హాదిర్’ అనేవాడు. చిత్తం, ఇదిగో అన్న అర్థంలో. అది మన ‘హాజరు’. అరబిక్‌లో ఒత్తి పలికే ‘ద’ లాంటి ఆ అక్షరం ఫారసీ, ఉర్దూలలో ‘జ’ ధ్వనిగా మారి మన దాకా వచ్చింది. జిల్లా, వకీలు, హక్కు, జవాబు, తారీఖు, అసలు, నకలు కూడా ఆ దారిన వచ్చినవే. వీటిలో ఒక్కో మాట తరగతిలో ఎదురైనప్పుడల్లా మా ఊరి తహసీలు కార్యాలయం కళ్లముందు మెదిలేది.

రవాణాలో నాకు బాగా నచ్చినవి ‘సర్వీస్’ అని పిలిచే తెల్లని షేర్ టాక్సీలు. నిర్ణీత దారిలోనే తిరిగే ఈ కార్లలో ఛార్జీ తక్కువ, పక్కనున్నవారు తప్పకుండా పలకరిస్తారు. యాప్‌లో పిలిపించుకునే కారు సుఖమే కానీ, గమ్యం ఫోనే చెప్పేస్తుంది కాబట్టి నోరు విప్పే పని ఉండదు. ఆడవారు టాక్సీలో వెనక సీటులో కూర్చోవడం అక్కడి మర్యాద.

విహారాలలో, కొండరాళ్లలో చెక్కిన పురాతన నగరం పెట్రా చూసి తీరవలసిన చోటే. సన్నని కొండసందు దాటగానే ఎర్రని రాతిలో చెక్కిన, ‘ఖజానా’ అని పిలిచే కట్టడం ముఖద్వారం ఎదురైన క్షణం మాటలకు అందదు. కానీ ఒక్క రోజు టికెట్టే 50 దీనార్లు, అంటే సుమారు 70 డాలర్లు. పైగా అక్కడ చాలామంది ఇంగ్లీషులోనే పలకరిస్తారు. భాష కోసం వెళ్లినవారు ఆ ఒక్క ప్రయాణంతో సరిపెట్టుకుని, మిగతా శుక్రవారాలు ఊళ్లోనే గడపడం మేలని నా అభిప్రాయం. దిగువ నగరంలో రోమన్ రంగశాల ఎదుటి చౌకులో సాయంత్రం కుటుంబాలు వచ్చి కూర్చుంటాయి; ఏలకుల కాఫీ పట్టుకుని మెట్ల మీద కూర్చుంటే పిల్లలే వచ్చి ఎక్కడినుంచి వచ్చావని అడుగుతారు. శాకాహారులకూ ఇబ్బంది లేదు, ఫూల్, హుమ్మస్, ఫలాఫెల్ ప్రతి వీధిలోనూ దొరుకుతాయి. ఇంటి భోజనానికి పిలిస్తే మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే అతిథికి వండే మన్సఫ్ అంటే మేక లేదా గొర్రె మాంసం.

ఇంట్లో బస కుదుర్చుకునేవారు ఒప్పుకునే ముందు ఇంటివారితో ఫోనులో పది నిమిషాలు అరబిక్‌లో మాట్లాడి చూడండి. భోజనం ఎన్ని పూటలు, నీళ్లు ఏ రోజు వస్తాయి, బట్టలు ఎప్పుడు ఉతుక్కోవచ్చు అని అడగండి. మీరు తడబడినా వాళ్లు ఇంగ్లీషులోకి మారకుండా నెమ్మదిగా మళ్లీ చెబితే, గది చిన్నదైనా ఆ ఇల్లే తీసుకోండి.