మా కుక్క పండుతో రేగెన్స్‌బర్గ్: ఊరు బంగారం, మొదటి బస మోసం

కుక్కని వెంటేసుకుని ఒక పాత యూరప్ ఊరు చూడాలని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పే పేరు రేగెన్స్‌బర్గ్. జర్మనీలో డాన్యూబ్ నది ఒడ్డున ఉంటుంది, పాత ఊరంతా నడిచే తిరగొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు ఈ పాత భాగం మీద పెద్దగా పడలేదు, అందుకే మధ్యయుగం నాటి వీధులు, షావుకార్లు పోటీపడి కట్టించుకున్న గోపురాల ఇళ్ళు అలాగే నిలిచాయి. 2006లో యునెస్కో జాబితాలో చేరింది. ఇంత మంచి ఊళ్ళో మేం మొదట దిగిన అపార్ట్‌మెంట్ వాళ్ళు చేసిన పని ఇంకా కడుపులో మండుతూనే ఉంది. అందుకే రాస్తున్నాను.

పండు మా హైదరాబాద్ నాటు కుక్క, 19 కిలోలుంటాడు. వాణ్ణి జర్మనీ తేవడానికే మైక్రోచిప్, రేబీస్ టీకా, టీకా వేసి 30 రోజులయ్యాక రక్తం తీయించి యూరప్ గుర్తించిన ల్యాబ్‌కి పంపడం, ఆ పైన మూడు నెలలు ఆగడం, ఇన్ని పడ్డాం. వాడి కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకునే ఎక్కడికైనా బయల్దేరతాం. ఈసారి రాజమండ్రి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు కూడా తోడున్నారు. మ్యూనిక్ నుంచి రీజినల్ రైల్లో గంటన్నర. మన దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్, రీజినల్ రైళ్ళకి పనికొచ్చే నెల పాసు) ఉన్నా అందులో కుక్క కలవదు, విడిగా టికెట్ కొనాలి. బుట్టలో పట్టనంత కుక్కైతే మూతికి చిక్కం కూడా తప్పదు. "పాపం, వీడెవర్ని కరుస్తాడమ్మా, తీసేయరాదూ" అని అత్తయ్య దారి పొడుగునా బతిమాలుతూనే ఉన్నారు.

ఇక ఆ బస సంగతి. ప్రకటనలో కుక్క బొమ్మ ఉంది. అయినా నేను ముందే మెసేజ్ పెట్టాను, బరువు కూడా రాశాను. "సంతోషంగా రండి, అదనంగా ఏమీ లేదు" అని జవాబొచ్చింది. గది రాత్రికి 94 యూరోలు, డిపాజిట్ 150. తీరా రాత్రి తొమ్మిదింటికి తాళం ఇవ్వడానికొచ్చినతను ఒక లామినేషన్ కాగితం తీశాడు: కుక్కకి రాత్రికి 20 యూరోలు, వాసన పోగొట్టే క్లీనింగ్‌కి 60, అదీ నగదే, రసీదు లేదు. ఫోన్లో మెసేజ్ చూపిస్తే అది పాత మేనేజరు రాసిందట, తనకి సంబంధం లేదట. అత్తయ్య మోకాళ్ళ నొప్పితో సూట్‌కేసు మీద కూర్చుండిపోయారు. మా ఆయనకి కోపమొస్తే మాట పడిపోతుంది. పెదాలు బిగించి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశారు.

లోపలికెళ్తే బాత్‌రూమ్ కాలవ కంపు. ఆ గదిలో వాసనంటూ ఏదైనా ఉంటే అది పండు గడప తొక్కకముందు నుంచీ ఉన్నదే. ఫొటోలో కనిపించిన నది కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగితేనే కనిపిస్తుంది. గోడకి అంటించిన రూల్స్ ప్రకారం కుక్క పడగ్గదిలోకి రాకూడదు, ఒంటరిగానూ ఉండకూడదు. అంటే మాలో ఒకరు హాల్లో పడుకోవాలి. మా ఆయనే పడుకున్నారు. ఖాళీ చేశాక డిపాజిట్‌లో 80 యూరోలు కోసేశారు, తలుపు మీద గోటి గీతలున్నాయట. ఆ తలుపుని మేం అడుగుపెట్టిన రాత్రే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి ఉంచాం. కుక్కతో వెళ్ళేవాళ్ళు సామాను దించకముందే ఈ పని చేయాలి: తలుపులు, సోఫా కాళ్ళు, నేల, అన్నీ.

మర్నాడు పొద్దున్నే నది దాటి ష్టాట్‌అమ్‌హోఫ్‌లో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారాం. గది 108 యూరోలు, అందులోనే టిఫిను, కుక్కకి 8. ఆ 8 గోడమీది ధరల పట్టికలోనే రాసి ఉంది. పెద్దావిడ మేం అడగకముందే ఒక పాత తువ్వాలు తెచ్చి, వానొస్తే పాదాలు తుడవమని చేతికిచ్చింది. కుక్కకి డబ్బు తీసుకోవడం తప్పని నేననను, ముందు చెప్పి తీసుకోవాలి.

అక్కడి నుంచి పాత ఊళ్ళోకి రాతి వంతెన మీదుగానే నడక. 1135లో మొదలుపెట్టి 1146కల్లా కట్టేశారు. ఇప్పుడు దాని మీద కార్లు, బస్సులు తిరగవు, కుక్కతో నడవడానికి హాయి. సైకిళ్ళని మాత్రం చూసుకోవాలి. దీనికో కథ ఉంది. వంతెన కట్టే మేస్త్రీ, చర్చి కట్టే మేస్త్రీ ఎవరిది ముందు పూర్తవుతుందని పందెం వేసుకున్నారు. వంతెన మేస్త్రీ సైతాను సాయం అడిగాడు, వంతెన దాటే మొదటి మూడు ప్రాణాలూ ఇస్తానన్నాడు. పనయ్యాక ఒక కోడిపుంజుని, పెట్టని, కుక్కని తోలాడు. సైతాను కోపంతో కిందినుంచి ఎత్తిపడేయబోతే మధ్యలో ఉబ్బు మిగిలిందట. ఇప్పుడున్న చర్చి పని 13వ శతాబ్దంలో మొదలైంది కాబట్టి ఆ పందెం జరిగే వీల్లేదు. కథ విన్నాక అత్తయ్య మాత్రం పండుని రెండు చేతులా పట్టుకుని వంతెన దాటించారు. "గోదావరి ముందు ఇది పంట కాలవ" అన్నారు కానీ, వంతెన స్తంభాల దగ్గర నీళ్ళు సుళ్ళు తిరగడం చూసి ఆ మాట మళ్ళీ అనలేదు. ఆ సుళ్ళు నిజంగా ప్రమాదం, వంతెన దగ్గర కుక్కని నీళ్ళలోకి వదలకండి.

సెయింట్ పీటర్ చర్చిలోకి కుక్కని తీసుకెళ్ళలేదు, వంతులవారీగా వెళ్ళాం. పాత రంగుటద్దాల కిటికీల కోసం, మేరీ మాతకి శుభవార్త చెబుతూ నోరారా నవ్వుతున్న దేవదూత శిల్పం కోసం అక్కడ ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. దగ్గర్లోనే క్రీ.శ. 179 నాటి రోమన్ కోట ద్వారం, పోర్టా ప్రేటోరియా, వీధిలోనే గోడలో ఇమిడిపోయి ఉంది. పండుతో కలిసి ముందు నిలబడి చూడొచ్చు, టికెట్ లేదు. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1630లో కన్నుమూసింది ఈ ఊళ్ళోనే.

తిండి దగ్గర నేను అనుకోనిది జరిగింది. వంతెన పక్కనున్న వుర్స్ట్‌కూఖ్ల్ అనే పాత సాసేజీల హోటల్లో మా ఆయన బొగ్గుల మీద కాల్చిన సాసేజీలు, పుల్లటి క్యాబేజీ, తియ్యటి ఆవముద్ద తిన్నారు. ఆ గోడ మీద వరదలు ఎంత ఎత్తుకొచ్చాయో గుర్తులున్నాయి, చూడండి. అత్తయ్య శాకాహారి కాబట్టి సాయంత్రం నది అవతల ఒక బీర్ గార్డెన్‌కి వెళ్ళాం. "హోటల్లోకి కుక్కేంటమ్మా, తరిమేస్తారు" అని ఆవిడ గేటు దగ్గరే ఆగిపోయారు. వెయిట్రెస్ మాకు మెనూ ఇవ్వకముందే పండుకి గిన్నెతో నీళ్ళు పెట్టింది, డబ్బులేమీ వేయలేదు. తర్వాత కేజె ష్పెట్స్‌లే వచ్చింది: పిండితో చేసిన చిన్న ముక్కలు, కరిగిన చీజు, పైన ఎర్రగా వేయించిన ఉల్లిపాయ. 13.80 యూరోలు, ఇద్దరికి సరిపోయేంత. జర్మనీలో దిగినప్పటి నుంచీ పెరుగన్నం తప్ప ఏదీ నోటికి పట్టని మనిషి పచ్చిమిర్చి ఉందా అని అడిగి మరీ పళ్ళెం ఖాళీ చేశారు. ఆ రాత్రి పండుని ఆవిడే బయట తిప్పుకొచ్చారు.

ఊరి బయట కొండ మీద గ్రీకు గుడిలా కట్టిన స్మారక మందిరం వాల్‌హల్లాకి బస్సులో వెళ్ళొచ్చాం. నది వైపున్న పాలరాతి మెట్లు 358, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని కిందనే కూర్చోబెట్టండి.

ఫొటోలు పంపాక ఆ 80 యూరోలు కొన్ని వారాలకి తిరిగొచ్చాయి. రసీదు లేకుండా తీసుకున్న 60 ఇంకా ఇవ్వలేదు. మా ఆయన వదిలేయమంటున్నారు, నేను మెయిళ్ళు పెడుతూనే ఉన్నాను.