నాలుగేళ్లు వాడాక మా చిట్టి క్రేట్ సంగతి

హనుమకొండ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లేటప్పుడు మా కుక్క చిట్టి కోసం కొన్న ప్లాస్టిక్ క్రేట్, అంటే విమానంలో దాన్ని ఉంచే పెట్టె ఇది. పోయినా వచ్చినా అందులోనే. దాదాపు పదిహేను వేలు పెట్టి కొంటుంటే మా అత్తయ్య "కుక్కకు ఇల్లు కడుతున్నావా?" అన్నారు. ఆ ప్రయాణానికి పెట్టిన ఖర్చులన్నిటిలో నాకు నొప్పి తెలియనిది ఇదొక్కటే.

ముందు సైజు. అమ్మేవాళ్లు జాతి పేరు, బరువు అడుగుతారు. చిట్టి భద్రకాళి చెరువు కట్ట మీద దొరికిన నాటు కుక్క, వాళ్ల పట్టికలో దాని జాతే లేదు. అందుకే టేపు తీశాం. విమానయాన సంఘం ఐఏటీఏ లెక్క ప్రకారం ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు, నేల నుంచి మోచేయి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే క్రేట్ పొడవు వస్తుంది. వెడల్పు భుజాల వెడల్పుకు రెట్టింపు ఉండాలి. ఎత్తు మాత్రం తల దాకా కాదు, నిక్కబొడుచుకున్న చెవుల కొసల దాకా కొలవాలి. లోపల పరిచే గుడ్డ మందం అదనం. చిట్టి చెవులు చూసినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. బరువును బట్టి చెప్పిన సైజు కాకుండా దాని పై సైజు తీసుకున్నాం.

కొనడం ఎంత ముందైతే అంత మంచిది. యూరప్‌కు తీసుకెళ్లాలంటే మొదట చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. ఈ వరుస తప్పితే టీకా లెక్కలోకి రాదు. టీకా వేసి కనీసం 30 రోజులయ్యాక రక్తం తీసి, టీకా పనిచేసిందో లేదో చూసే యాంటీబాడీ పరీక్షకు యూరప్ గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. ఫలితం మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గకూడదు. రక్తం తీసిన రోజు నుంచి ఇంకో 3 నెలలు ఆగాలి. అందరూ విసుక్కునే ఆ మూడు నెలలే మాకు పనికొచ్చాయి. తలుపు ఊడదీసి క్రేట్‌ను హాల్లో పెట్టాం, పెరుగన్నం గిన్నె లోపలి గోడకు ఆనించాం. కొన్నాళ్లు ముందు కాళ్లు మాత్రమే లోపల పెట్టి, మెడ చాచి తిని పారిపోయేది. తర్వాత మధ్యాహ్నం నిద్ర అందులోనే. అప్పుడు తలుపు బిగించాం. మత్తుమందు ఇచ్చి పంపుదామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి, విమానయాన సంస్థలు ఒప్పుకోవు.

ఇక లోపాలు. పై సగాన్ని, కింది సగాన్ని కలపడానికి ఇచ్చినవి ప్లాస్టిక్ మరలు. వాటిని పారేసి, వరంగల్ చౌరస్తాలో స్టీలు బోల్టులు, నట్లు కొని బిగించాం. తలుపుకు తగిలించే నీళ్ల గిన్నె లోతు తక్కువ, కారు కుదుపులకే సగం ఒలికిపోతుంది. బయట నుంచి నీళ్లు పోసే వీలున్న లోతైన గిన్నె విడిగా కొన్నాం. అడుగు భాగం నున్నగా ఉండి గోళ్లు జారతాయి, పాత బొంత పరిచాకే చిట్టి స్థిమితపడింది. బిగించిన క్రేట్ మా కారు తలుపులో పట్టలేదు. రెండు సగాలూ ఒకదానిలో ఒకటి పెట్టి శంషాబాద్ దాకా తీసుకెళ్లి, అక్కడ బిగించాం. ఎండాకాలంలో చాలా సంస్థలు జంతువుల్ని ఎక్కించుకోవు కాబట్టి, మేము చలికాలమే చూసుకున్నాం.

విమానాశ్రయంలో క్రేట్‌ను తిప్పి తిప్పి చూశారు. తలుపు ఇనుప జాలీదే కావడం, నాలుగు వైపులా గాలి రంధ్రాలు ఉండటంతో పేచీ రాలేదు. అసలు పేచీ మా ఏజెంటుతోనే. ఫీజు ముందే తీసుకుని, జంతు క్వారంటైన్ కార్యాలయం ఇచ్చే ధ్రువపత్రం సంగతి చివరి వారం దాకా ఎత్తలేదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇల్లు మారినప్పుడూ, ఆసుపత్రికి వెళ్లినప్పుడూ ఇదే వాడాం. తిరుగు ప్రయాణంలోనూ తనిఖీలో నెగ్గింది. ఇప్పుడు హనుమకొండ ఎండకు పై భాగం రంగు వెలిసింది కానీ ఎక్కడా పగుళ్లు లేవు. తలుపు కింది పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోతోంది, మళ్లీ విమానం ఎక్కాల్సి వస్తే తలుపు మార్చక తప్పదు.

అమెరికా వెళ్తున్న కాజీపేట మిత్రులు మొన్న దీన్ని అడిగారు. వాళ్లది లాబ్రడార్. టేపు పెట్టి చూస్తే పొడవు చాలలేదు. పెద్దది కొనుక్కోమని చెప్పి, మా స్టీలు బోల్టుల కొలత రాసిచ్చాను.